వస్త్రం ఇంకా రాలేదు

వాంకాయో,
అక్టోబర్ 9

దొమితిలాకు,

జున్ను అందింది. బస్సు డ్రైవర్ ఫోర్తునాతో సీటు కింద పెట్టి తెచ్చాడట, కాస్త డీజిల్ వాసన వేస్తోంది. తింటున్నాను.

ఆరోగ్యం ఫరవాలేదు. ఉదయం నడక, మధ్యాహ్నం లైబ్రరీ. అక్కడ మా వయసువాళ్లకు కంప్యూటర్ నేర్పుతున్నారు. నేను చేరింది స్క్రాప్‌బుక్ తరగతిలో. పాత ఫోటోలను యంత్రం మీద బోర్లించి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాం. తెర మీద తెల్ల కాగితం లాంటి పేజీ ఉంటుంది. దాని మీద ఫోటోలు పేర్చి, అంచులు కత్తిరించి, పక్కన ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని రాస్తాం. కత్తెర లేదు, జిగురు లేదు. తప్పు చేస్తే వెనక్కి పోవచ్చు. నాకు నచ్చింది అదే.

టీచర్ పేరు మారుహా. పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు. ప్రతి పేజీకీ పూలూ గుండె బొమ్మలూ అతికించమంటారు. నేను అతికించను. "దొన్ అబెలార్దో, మీ పేజీ చావు ప్రకటనలా ఉందండీ" అన్నారు నిన్న. అన్నాక నాలుక కరుచుకున్నారు.

ఎర్మెలిందా మీద ఒక ఆల్బం చేయాలని ఉంది. పుక్రోపంపా మీద కూడా. మీ అక్కను ఆ ఊరి నుంచి విడదీస్తే ఒక్క పేజీ కుదరడం లేదు. ఏటా శిలువ పండుగకు వచ్చినప్పుడు తను తీసిన ఫోటోలు మీ ఇంట్లో రేకు పెట్టెలో ఉండాలి. ఫోర్తునాతో చేతికిచ్చి పంపు. భద్రంగా తిరిగి పంపుతాను.

శిలువ వస్త్రం గురించి అడిగావు. ఇప్పుడు కాదు.

అబెలార్దో

*

పుక్రోపంపా,
అక్టోబర్ 23

బావకు,

మాటకింత అని పన్ను కడుతున్నావా? "ఇప్పుడు కాదు" అట. మరి ఎప్పుడు? బళ్లో పిల్లలకి రసాయనాలు చెప్పినప్పుడూ ఇలాగే చెప్పావా? పాపం, వాళ్లెలా పాసయ్యారో.

పెట్టె పంపుతున్నా. మూత బిగుసుకుంది, చెంచాతో తియ్యి. అన్నీ అక్క తీసినవే. చాలావాటిలో మనుషులే లేరు. అమ్మ తిట్టేది, ఫిల్ము కాల్చేసి రాళ్లకీ రప్పలకీ ఫోటోలు తీస్తోందని.

ఇక వస్త్రం సంగతి. నీకు తెలియనట్టు నటించకు. మే నెలలో శిలువ కొండ దిగుతుంది. కొత్త వస్త్రం కప్పుకుంటే తప్ప మళ్లీ కొండెక్కదు. ఆ వస్త్రం మన ఇంటి ఆడవాళ్ల చేతిదే కావాలి. అమ్మ పోయిన ఏడు కుట్టు ఆలస్యమై, శిలువ ఆగస్టు దాకా చర్చిలోనే ఉండిపోయింది. ఊళ్లో ఒక్కడూ దాన్ని ఎత్తడానికి ఒప్పుకోలేదు. అక్క ఆసుపత్రి మంచం మీద కూడా కుట్టిన వస్త్రం నీ దగ్గరే ఉంది. దాంతో నీకేం పని? కప్పుకుని పడుకుంటావా?

ఇక్కడ అంతా మామూలే. వంటింటి తలుపు పడటం లేదు. వడ్రంగిని పిలిస్తే చెక్క ఉబ్బిందన్నాడు. వానలే మొదలవలేదు, చెక్క ఎలా ఉబ్బుతుంది? వంటింట్లో పెంచుకునే గినీ పందులు పొయ్యి మూల వదిలేసి గుమ్మం దగ్గర పడుకుంటున్నాయి. వాటికీ ముసలితనం వచ్చినట్టుంది.

ఫోన్ చేస్తే ఎత్తవు. నేనేం అప్పు అడగను కదా.

దొమితిలా

*

వాంకాయో,
నవంబర్ 15

దొమితిలాకు,

పెట్టె చేరింది. ఒక్క ఫోటో కూడా పాడవలేదు.

శిలువ ఫోటోలే ఎక్కువ ఉన్నాయి. అన్నీ ఒకే చోట నుంచి తీసినవి, శిలువకు పైన ఉన్న గొర్రెల దొడ్డి గోడ దగ్గర నిలబడి. ముందు శిలువ, దాని కింద ఊరు, చర్చి గోపురం, ఏటికి అవతల చింపా కొండ. దాదాపు అన్నిటిలోనూ శిలువ ఒక పక్కకు వాలి ఉంది. కెమెరా వంకరగా పట్టుకుందనుకున్నాను. వంకర సరిచేసే మీట ఒకటి నేర్పారు. శిలువ నిటారుగా నిలిచేదాకా ఒక్కో ఫోటోనే తిప్పి, అన్నిటినీ ఏడాది వరుసలో ఒక పేజీ మీద పేర్చాను.

శిలువలన్నీ చక్కగా నిలబడ్డాయి. గోపురం పడిపోతోంది. పాత ఫోటోల్లో తెలియదు. తర్వాతివాటిలో కొంచెం. చివరి నాలుగైదేళ్లవాటిలో చూడలేం. చింపా కొండ కూడా గోపురంతో పాటే ఒరిగింది.

మారుహా గారు చూసి, "పాపం, ఆవిడ చేయి వణికి ఉంటుంది" అన్నారు. మీ అక్క చేయి వణకలేదు. చివరి వారం కూడా సూదిలో దారం తనే ఎక్కించుకుంది.

కాబట్టి ఫోటోలు సరిగానే ఉన్నాయి. వాలింది శిలువే. నేను తిప్పినవన్నీ మళ్లీ వెనక్కి తిప్పాను.

రెండు ప్రశ్నలు. ఎర్మెలిందా ఈ ఫోటోలు తీసింది శిలువను సరిచేయక ముందా, తర్వాతా? ఇప్పుడు అది ఎలా ఉంది? ఎవరినీ ముట్టుకోనివ్వకు. నిటారుగా నిలబెట్టవద్దు.

అబెలార్దో

*

పుక్రోపంపా,
నవంబర్ 30

బావా,

నిటారుగా నిలబెట్టవద్దా? ఇది మా తాతల నాటి పని. పండుగకు దించి మళ్లీ ఎక్కించినప్పుడు మా ఇంటి మగవాళ్లు తాళ్లూ మోకులూ వేసి లాగుతారు, మొదలు చుట్టూ రాళ్లు దిగ్గొడతారు, ఒక గుక్క సారా నేలకు పోస్తారు, ఒక గుక్క తాము తాగుతారు. గాలికి వాలుతుంది, ఎద్దులు రుద్దుకుంటే వాలుతుంది, తాగినవాడు ఆనుకుంటే వాలుతుంది. మేము నిలబెడతాం. వంగిన శిలువ కింద పంట వేసే ఊరు ఎక్కడైనా ఉందా?

అక్క ఫోటో తీసేది నిలబెట్టక ముందే, కొండ దించక ముందే. ఎందుకే అంటే, "ముందు దాని అలసట చూడాలి, అలంకారం తర్వాత" అనేది. మీకిద్దరికీ ఒక పిచ్చి. ఆమెది పోయింది, నీది మొదలైంది.

నువ్వు అడిగావు కాబట్టి వెళ్లి చూశా. వాలే ఉంది. మే నెలలోనే గదా నిలబెట్టాం, అప్పుడే నా జానెడు వాలింది. తాగినవాళ్లు ఎక్కువయ్యారు ఊళ్లో.

ఒక మంచి కబురు. మా వంటింటి వెనక గోడ కింద ఊట పుట్టింది. ఎర్రగా ఉంది గానీ తేరుకుంటే పాత్రలకు పనికొస్తుంది. పై వీధిలో ఊట ఎండిపోయిందని వాళ్లు ఏడుస్తున్నారు. దేవుడు ఒకరి దగ్గర తీసి ఒకరికి ఇస్తాడు కాబోలు. చర్చి గంట రెండుసార్లు దానంతటదే మోగింది, గాలి లేదు. ఫాదర్ గారు గబ్బిలాలన్నారు. బజారులో సెల్ ఫోన్ స్తంభం వాలి సిగ్నల్ పోయింది. నువ్వు ఎత్తకపోయినా ఇక బాధ లేదు.

వస్త్రం గురించి ఒక్క ముక్క రాయలేదు చూశావా? అది ఇవ్వడం ఇష్టం లేకే శిలువ కథ అల్లుతున్నావని నాకు అనుమానం.

దొమితిలా

*

వాంకాయో,
డిసెంబర్ 12

దొమితిలాకు,

ఈ ఉత్తరం రెండుసార్లు చదువు.

పేజీ మీద ఫోటోలను పొరలుగా ఒకదాని మీద ఒకటి పెట్టవచ్చు. పై పొరను పొగలా పలచన చేస్తే అడుగుది కనిపిస్తుంది. మీ అక్క మొదటి ఫోటో అడుగున పెట్టాను, చివరిది పైన. చింపా కొండ శిఖరం శిఖరంతో కలిపాను. చర్చి చర్చి మీద సరిగ్గా కూర్చుంది. శిలువ కూర్చోలేదు. రెండు శిలువలు కనిపించాయి, ఒకటి పైన, ఒకటి దిగువన. దాని దిమ్మె, పక్కన కంచె గోడ, బంగాళాదుంపల మడి, అన్నీ రెండేసి ఉన్నాయి. దిగువవి ఊరికి దగ్గరగా ఉన్నాయి.

శిలువను ఎవరూ తోయలేదు. దాని కింద నేల జరుగుతోంది. కొండ ఊరి మీదికి దిగుతోంది. ఏటేటా మీరు శిలువను నిలబెట్టి ఆ సంగతి చెరిపేశారు. నేనూ ఒక మీట నొక్కి అదే చేశాను.

తలుపు పట్టకపోవడం, ఊట చోటు మారడం, గంట, స్తంభం, అన్నీ దానివే. వానలు ముదిరితే ఆగదు.

ఇల్లు ఖాళీ చెయ్. అందరినీ ఖాళీ చేయించు. ఏటి అవతల చింపా బడిలో చోటుంది. పేజీ అచ్చు వేయించి దీంతో పెట్టాను. విపత్తుల కార్యాలయానికి కూడా ఇచ్చాను. వానలు తగ్గాక వచ్చి చూస్తామన్నారు.

నేను రాలేను. అంత ఎత్తుకు వెళ్లొద్దని గుండె డాక్టరు అన్నారు.

అబెలార్దో

*

పుక్రోపంపా,
జనవరి 8

బావకు,

నీ కాగితం సభలో చూపించా. చేతులు మారి మారి జిడ్డయింది. అది చూసి ఊరిపెద్ద తెయోఫిలో ఏమన్నాడో తెలుసా? "మొదట ఆయన యంత్రం శిలువను నిలబెట్టి చర్చిని పడేసింది. ఇప్పుడు చర్చిని నిలబెట్టి కొండను పడేస్తోంది. రేపు ఏటిని కొండెక్కిస్తుందేమో, నారు మళ్లు తయారుగా ఉంచుకోండి." అందరూ నవ్వారు. నేనూ నవ్వా. ఏడవలేక.

ఇంకొకడు, "భార్య పోయింది, ఆమె వాటా ఇంటి కోసం మరదల్ని బయటికి తోస్తున్నాడు" అన్నాడు. వాడి మొహం మీద కొట్టినట్టు సమాధానం చెప్పా. కానీ నువ్వు రాసిన తీరేమిటి బావా? "ఇల్లు ఖాళీ చెయ్." అక్కగారి పెనిమిటి రాసే మాటలా, కోర్టు వాడు రాసే మాటలా? అక్క ఆరు నెలల పూజకు రాలేదు. గుండె సంగతి ఇప్పుడు చెబుతున్నావు. ఫోన్ ఎత్తలేదు. వస్త్రం ఇవ్వలేదు. ఒక్కసారిగా కొండ పడిపోతుందని రాశావు. ఎవరు నమ్ముతారు?

క్రిస్మస్‌కు ముందు నలుగురు కలిసి శిలువను మళ్లీ నిలబెట్టారు, నీ నోరు మూయించాలని. మొన్న ముగ్గురు రాజుల పండుగ నాటికి మళ్లీ వాలింది. ఆ సంగతి ఎవరూ పైకి మాట్లాడటం లేదు. ఆ దారిన వెళ్లడం మానేశారు అంతే.

నీ కాగితం నా దిండు కింద ఉంది.

దొమితిలా

*

వాంకాయో,
జనవరి 24

దొమితిలాకు,

నువ్వు రాసింది నిజం. నేను రాసే తీరు మంచిది కాదు.

ఫోన్ గురించి. నీ గొంతూ మీ అక్క గొంతూ ఒకటే. మొదటిసారి ఎత్తినప్పుడు నువ్వు "తిన్నావా?" అన్నావు. తర్వాత ఎత్తలేకపోయాను.

వస్త్రం గురించి. ఒక మూల కుట్టు మిగిలి ఉంది, చిలుక రెక్క దగ్గర. సూది దానికే గుచ్చి ఉంది, దారంతో సహా. తను ఎక్కడ ఆపిందో అక్కడే. దాన్ని తీస్తే ఆగిపోయినట్టవుతుంది. అందుకే పంపలేదు. వేరే కారణం లేదు.

నీ ఇల్లు నాకొద్దు. నువ్వు దాని కింద లేకపోతే చాలు. ఈ ఆల్బంలో నీ ఫోటో ఒకటుంది, పదేళ్లప్పటిది, మేకపిల్లను ఎత్తుకుని. దాని కింద ఏం రాయాలో ఇంకా తేల్చలేదు. బతికున్న మనిషి పేజీలా రాయాలని ఉంది.

వానలు ఇక్కడే ఎక్కువగా ఉన్నాయి. అక్కడ ఎలా ఉందో ఊహించగలను. కార్నివాల్ పండుగ వంకతోనైనా చింపాకు వెళ్లు.

అబెలార్దో

*

చింపా బడి,
ఫిబ్రవరి 11

బావా,

పైన ఊరి పేరు చూశావు కదా. ఇప్పుడు కూర్చుని చదువు.

నీ ఉత్తరం వచ్చిన రోజు ఏడ్చా. మర్నాడు పొద్దున మా బంగాళాదుంపల మడికి వెళితే, ఈ చివర నుంచి ఆ చివరకి నేల నోరు తెరిచి ఉంది. చేయి పెడితే మోచేతి దాకా వెళ్లింది. లోపల చల్లటి గాలి. ఎవరికీ చెప్పలేదు. చెబితే మట్టి కప్పేస్తారు. శిలువని నిలబెట్టినట్టే.

అప్పుడు ఆలోచించా. కొండ పడుతుందంటే వీళ్లు కదలరు. శిలువ కదిలితే కదులుతారు. నేరుగా తెయోఫిలో ఇంటికెళ్లి, శిలువ కలలోకి వచ్చింది, దిగుతానంటోంది, ఏరు దాటి చింపాకు వెళతానంటోంది అన్నా. "ఫిబ్రవరిలోనా?" అన్నాడు. "నిలబెట్టిన ప్రతిసారీ ఎందుకు వాలుతోందనుకున్నావు? దిగుతానంటుంటే వినిపించుకోవేం?" అన్నా. వాడి పెళ్లాం నా మాట పూర్తి కాకముందే కొవ్వొత్తులు వెతకడం మొదలెట్టింది.

బావా, ఊరు ఊరంతా కదిలింది. హార్ప్, వయొలిన్, డప్పు. మంచం పట్టిన ముసలమ్మని దుప్పట్లో వేసి మోశారు. శిలువ ఊరు దాటుతుంటే ఇంట్లో కూర్చునే ధైర్యం ఎవరికుంది? మొక్కజొన్న వేయించుకుని, గొర్రెల్ని తోలుకుని, అందరూ వచ్చేశారు. బడి గదుల్లో జాగారం, పాటలు.

ఇప్పుడు అసలు గొడవ. వానకు గడ్డి తడిసిపోయింది, పిల్లలు దగ్గుతున్నారు, కొండ ఉన్నచోటే ఉంది. "దర్శనం అయింది కదా, ఇక ఎక్కిద్దాం" అంటున్నారు. కొత్త వస్త్రం లేకుండా ఎక్కదు కదా అన్నా. అవును, ఎక్కదు అని ఒప్పుకున్నారు. వస్త్రం నీ దగ్గరుందని, కొత్తది కుట్టాలంటే నెలలు పడుతుందని అందరికీ తెలుసు. అది వచ్చేదాకా ఆగుతామన్నారు.

అందుకే చెబుతున్నా. ఇన్నాళ్లూ అడిగి అడిగి నీ ప్రాణం తీశా. ఇప్పుడు పంపకు. వస్త్రం రాకపోతే శిలువ ఎక్కదు. శిలువ ఎక్కకపోతే ఊరు ఎక్కదు. పెట్టెలో పెట్టి తాళం వేసుకో. కప్పుకుని పడుకో. పంపకు.

దొమితిలా

*

వాంకాయో,
ఫిబ్రవరి 12

దొమితిలాకు,

నీ నుంచి ఉత్తరం లేదు. కోపంగా ఉన్నావనుకుంటాను.

దీంతో పాటు వస్త్రం పంపుతున్నాను. ఈ ఉదయం సూది తీసి దారం ముడివేశాను. మూల కుట్టు నువ్వు పూర్తి చెయ్యి. నీ చేతి కుట్టూ మీ అక్క కుట్టూ ఒకటే అని తను అనేది.

ఇది ముందే పంపి ఉంటే నా మాట వినేదానివేమో. ఇప్పటికైనా విను. ఫోర్తునాతో రేపు పొద్దున్నే బయలుదేరుతున్నాడు. నీ చేతికే ఇవ్వమని చెప్పాను.

అబెలార్దో

*

వాంకాయో,
ఫిబ్రవరి 13

దొమితిలా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. పై నుంచి వచ్చిన గొర్రెల లారీవాడు తెచ్చి ఇచ్చాడు. అప్పటికి వస్త్రం వెళ్లిపోయింది. ఫోర్తునాతో ఫోన్ మోగడం లేదు. కొండల్లో ఉండి ఉంటాడు.

బస్టాండుకు వెళ్లాను. ఇవాళ పైకి బండి లేదు. రేపు తెల్లవారి ఒక లారీ ఉంది, ఈ చీటీ దానికి ఇస్తున్నాను. నన్నూ ఎక్కించుకోమని అడిగాను. డ్రైవర్ నా మొహం చూసి వద్దన్నాడు.

వస్త్రం ఎవరికీ చూపించకు. దాచు. కాల్చవలసి వస్తే కాల్చు. ఎర్మెలిందా ఏమీ అనుకోదు. నేనూ అనుకోను.

అబెలార్దో

*

చింపా బడి,
ఫిబ్రవరి 17

బావకు,

నీ లారీ చీటీ నిన్న వచ్చింది. ఫోర్తునాతో అంతకు ముందే వచ్చాడు. ఉన్న గొంతంతా పెట్టి అరిచాడు, "దొమితిలా అమ్మా, బావగారు పొట్లం పంపారు" అని. బళ్లో అందరూ లేచి నిలబడ్డారు. తెయోఫిలో టోపీ సర్దుకున్నాడు, తాళ్లు తెమ్మని చెప్పడానికి.

చేత్తో తడిమితేనే నాకు తెలిసిపోయింది ఏమిటో. "మోకాళ్ల కట్టు. డాక్టరు రాసిచ్చాడట" అన్నా. తెయోఫిలో పెళ్లాం, "అంత పెద్ద కట్టా?" అంది. "నా మోకాళ్లు నువ్వు చూశావా?" అన్నా. అందరూ నవ్వారు. శిలువ నా వెనకే ఉంది. దాని ముందు అబద్ధం ఆడటం ఇదే మొదలు. వెనక్కి తిరిగి చూడలేదు.

దాన్ని లంగాల మధ్య నడుముకు చుట్టుకున్నా. నాలుగు రోజులుగా అలాగే ఉంది. రోజూ అడుగుతారు, వచ్చిందా అని. రాలేదు, దారిలో ఉంది అంటా. మొన్న ఇద్దరు మగవాళ్లు ఇక ఆగలేం, గొర్రెల మేత అయిపోయింది, వస్త్రం లేకపోయినా తెల్లారి ఎత్తేద్దాం అన్నారు. మిగతావాళ్లు ఊరుకోమన్నారు గానీ, గట్టిగా అనలేదు. రెండు రోజులు చూద్దాం అన్నాడు తెయోఫిలో.

సూది తీశానని రాశావు. తీయలేదు బావా. ముడి వేశావు, సూది మడతలోనే మర్చిపోయావు. వంగినప్పుడల్లా నడుముకు గుచ్చుకుంటోంది. తీసేద్దామనుకుని మళ్లీ ఊరుకున్నా. నువ్వే వచ్చి తీసుకుందువు గాని.

ఇవాళ తెల్లవారుతుండగా ఏటి అవతల చప్పుడైంది. నిండు భోషాణాన్ని ఎవరో మట్టి నేల మీద ఈడుస్తున్నట్టు. ఆగలేదు, అలా సాగుతూనే ఉంది. కాళ్ల కింద బడి అరుగు కూడా అదిరింది. తర్వాత చర్చి గంట మోగింది. ఒక్కసారే. గొర్రెలన్నీ ఒకే వైపు తిరిగి నిలబడ్డాయి. అందరం ఏటి గట్టుకు వచ్చాం. పొగమంచు విడలేదు. ఊరున్న వైపు ఏమీ కనిపించడం లేదు. తడి మట్టి వాసన మాత్రం వస్తోంది, బావి తవ్వినప్పుడు అడుగు నుంచి వచ్చే వాసన.

గట్టు మీద నిలబడే ఇది రాస్తున్నా. ఫోర్తునాతో బండి స్టార్ట్ చేసి ఆగాడు, ఇది తీసుకువెళ్లడానికి. తెయోఫిలో టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

ఈ పొద్దున వస్త్రం వచ్చిందా అని నన్ను ఎవరూ అడగలేదు.

దొమితిలా